అక్షర ప్రతిక్షేపణ గూఢలిపి: మూలదేవీయం నుంచి మేరీ స్టువర్ట్ లేఖల వరకు – ఒక భాషాపరమైన పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక అక్షరానికి బదులు మరొక అక్షరాన్ని రాసి సందేశంలోని అర్థాన్ని మరుగుపరచడం గూఢలిపి పద్ధతులలో అత్యంత ప్రాచీనమైనది. రోమన్, హీబ్రూ, భారతీయ సంప్రదాయాలలో ఈ పద్ధతి వేర్వేరు రూపాలలో కనిపిస్తుంది. యశోధరుడు జయమంగళా వ్యాఖ్యలో పేర్కొన్న మూలదేవీయ పట్టిక నిర్మాణాన్ని ఈ వ్యాసం వర్ణసమామ్నాయ క్రమంతో పోల్చి పరిశీలిస్తుంది. ఆ పట్టికను తెలుగు వాక్యాలకు అన్వయించి, గూఢీకరణ తరువాత కూడా భాషలో మిగిలిపోయే లక్షణాలను గుర్తిస్తుంది. అల్-కిందీ ఛేదన పద్ధతిని, 1586 నాటి బాబింగ్టన్ కుట్ర లేఖలను ఆధారంగా చేసుకొని, అక్షర ప్రతిక్షేపణ లిపిని దాచగలదే గాని భాషను దాచలేదని నిరూపించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలక పదాలు: గూఢలిపి, అక్షర ప్రతిక్షేపణ, మ్లేచ్ఛిత వికల్పం, మూలదేవీయం, అల్-కిందీ, అక్షర పౌనఃపున్యం, వర్ణసమామ్నాయం.

1. ఉపోద్ఘాతం:

రాత పుట్టిన తరువాత రాతను ఇతరులు చదువుతారనే భయం కూడా పుట్టింది. రాజు సేనానికి పంపిన ఆజ్ఞ శత్రువు చేతిలో పడవచ్చు. నాయిక పంపిన లేఖ ఇంట్లోవారి కంట పడవచ్చు. ఈ భయానికి మానవుడు కనుగొన్న ఉపాయాలు స్థూలంగా రెండు రకాలు. మొదటిది లేఖ ఉన్నదన్న సంగతినే దాచడం. రెండవది లేఖ కనబడినా అర్థం తెలియకుండా చేయడం. గూఢలిపి రెండవ రకానికి చెందుతుంది.

గూఢలిపి చరిత్రను సాధారణంగా యుద్ధచరిత్రలోనో గణితశాస్త్ర చరిత్రలోనో భాగంగా రాస్తూ వచ్చారు. అది అసంగతం కాదు. అయితే తొలినాటి గూఢలిపులను రూపొందించినవారు, వాటిని ఛేదించినవారు ఎక్కువగా భాషావేత్తలు, వ్యాకర్తలు, నిఘంటుకర్తలు కావడం గమనార్హం. కాబట్టి ఈ విషయాన్ని భాషాశాస్త్ర దృష్టితో పరిశీలించవలసిన అవసరం ఉంది. ప్రాచీన భారతీయ గూఢలిపులను గురించిన ప్రస్తావనలు చాలావరకు వాటి ప్రాచీనతను కొనియాడడంతో ముగుస్తాయి. అవి ఎలా పనిచేస్తాయి, ఎంతవరకు రహస్యాన్ని కాపాడతాయి అనే ప్రశ్నలు మరుగున పడతాయి. ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలకే పరిమితమవుతుంది.

2. పరిభాష – పరిధి:

గూఢీకరణకు ముందున్న సందేశాన్ని ‘మూలపాఠం’ అని, మార్పు పొందిన రూపాన్ని ‘గూఢపాఠం’ అని, మార్పుకు ఆధారమైన నియమాన్ని ‘కీలకం’ అని ఈ వ్యాసంలో వ్యవహరించడం జరిగింది. కీలకం తెలిసినవాడు గూఢపాఠాన్ని తిరిగి మూలపాఠంగా మార్చడం పఠనం. కీలకం తెలియనివాడు తన యుక్తితో మూలపాఠాన్ని రాబట్టడం ఛేదన.

అక్షర ప్రతిక్షేపణను దానికి దగ్గరగా కనిపించే ఇతర ప్రక్రియల నుంచి వేరు చేసి చూడాలి. తెలుగు సాహిత్య విద్యార్థులకు పరిచితమైన గూఢచతుర్థిలో నాలుగో పాదంలోని అక్షరాలు మొదటి మూడు పాదాలలోనే ఇమిడి ఉంటాయి. అక్కడ అక్షరం మారదు, దాగి ఉంటుంది. కటపయాది పద్ధతిలో అక్షరం అంకెను సూచిస్తుంది. ధీరశంకరాభరణం అనే మేళకర్త పేరులోని తొలి రెండక్షరాలు ధ (9), ర (2). వాటిని వెనుక నుంచి చదివితే 29వ మేళం అని తెలుస్తుంది. ఇక్కడ ఉద్దేశం దాచడం కాదు, జ్ఞాపకం ఉంచుకోవడం. పిల్లలు మాటలోని అక్షరాల నడుమ ‘క’ను చేర్చి మాట్లాడే క-భాషలో మూలాక్షరాలన్నీ యథాతథంగా ఉంటాయి. అక్షర ప్రతిక్షేపణలో మాత్రం మూలాక్షరం తొలగి, దాని స్థానాన్ని వేరొక అక్షరమో చిహ్నమో ఆక్రమిస్తుంది. అక్షరాల వరుస మారదు, వాటి రూపం మారుతుంది.

3. రోమన్, హీబ్రూ సంప్రదాయాలు:

జూలియస్ సీజర్ తన ఆంతరంగికులకు రాసిన లేఖలలో ప్రతి అక్షరానికి బదులు వర్ణమాలలో దాని తరువాత మూడో అక్షరాన్ని వాడేవాడని చరిత్రకారుడు సూటోనియస్ నమోదు చేశాడు. అంటే ‘ఏ’ రాయవలసిన చోట ‘డి’ వస్తుంది. సీజర్ వారసుడైన ఆగస్టస్ ఒక్క అక్షరం మాత్రమే ముందుకు జరిపేవాడని, చివరి అక్షరమైన ‘ఎక్స్’కు బదులు రెండు ‘ఏ’లు రాసేవాడని కూడా ఆయనే తెలిపాడు. వర్ణమాల ముగిసిన తరువాత మళ్లీ మొదటికి రావాలనే చక్రభావన ఆగస్టస్ పద్ధతిలో పూర్తిగా రూపుదిద్దుకోలేదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

సీజర్ లేఖలలోని ఈ రహస్యాక్షరాలను గురించి వ్యాకరణవేత్త ప్రోబస్ ప్రత్యేకంగా ఒక వ్యాఖ్య రాశాడని ఔలస్ జెల్లియస్ పేర్కొన్నాడు. ఒక సైనిక పాలకుడి రహస్యలిపిని వివరించే పని వ్యాకరణవేత్తకు దక్కడం ఈ వ్యాసం దృష్ట్యా ముఖ్యమైన విషయం.

హీబ్రూ సంప్రదాయంలో ‘అత్బష్’ అనే పద్ధతి ఉంది. అందులోని 22 అక్షరాలలో మొదటిది చివరిదానితోను, రెండవది చివరినుంచి రెండవదానితోను పరస్పరం మారతాయి. బైబిలులోని యిర్మీయా గ్రంథంలో కనిపించే ‘షేషకు’ అనే పేరు ఈ పద్ధతిలో మారిన ‘బాబెలు’ అని పండితుల వివరణ. హీబ్రూలో బాబెలు అనే మాటకు బ, బ, ల అనే మూడక్షరాలు. అత్బష్ ప్రకారం బకు ష, లకు క వస్తాయి. కనుక ష, ష, క అవుతుంది. తెలుగు బైబిలులోనూ ఆ పేరు షేషకు అనే నిలిచి ఉంది. ఒక భాషలో అక్షరమార్పిడి వల్ల ఏర్పడిన రూపం అనువాదంలో విశేషనామంగా స్థిరపడడం ఇక్కడ చూడవచ్చు.

ఈ రెండు పద్ధతులకూ ఆధారం వర్ణమాల వరుస. సీజర్ పద్ధతిలో ఎన్ని స్థానాలు జరపాలన్న సంఖ్యే కీలకం. అత్బష్‌లో ఆ సంఖ్య కూడా అవసరం లేదు.

4. భారతీయ సంప్రదాయం – మూలదేవీయం:

కౌటిల్యుని అర్థశాస్త్రంలో గూఢచారులు సమాచారాన్ని చేరవేసే సందర్భంలో సంజ్ఞాలిపి, గూఢలేఖ్యం అనే మాటలు వస్తాయి. అవి ఎటువంటి లిపులో అక్కడ వివరణ లేదు. వాత్స్యాయనుడు కామసూత్రాలలో చెప్పిన 64 కళల పట్టికలో ‘మ్లేచ్ఛిత వికల్పాలు’ ఒకటి. మ్లేచ్ఛ ధాతువుకు అస్పష్టంగా పలకడం అని అర్థం. ఆ పట్టికలో ఈ కళకు ముందు అక్షరముష్టికాకథనం, తరువాత దేశభాషావిజ్ఞానం ఉన్నాయి. అంటే వాత్స్యాయనుడు దీనిని యుద్ధవిద్యల సరసన కాక, భాషాసంబంధమైన కళల నడుమ చేర్చాడు.

13వ శతాబ్దికి చెందిన యశోధరుడు జయమంగళా వ్యాఖ్యలో ఈ కళను వివరిస్తూ కౌటిలీయం, మూలదేవీయం అనే పద్ధతులను పేర్కొన్నాడు. మూలదేవుడు సంస్కృత కథాసాహిత్యంలో ధూర్తవిద్యలకు ఆచార్యుడిగా ప్రసిద్ధుడు. క్షేమేంద్రుని కళావిలాసంలో వంచనల రహస్యాలను బోధించే గురువు ఇతడే. మూలదేవీయంలో పరస్పరం మారే అక్షరాలు పది జంటలు:

అ ఖ ఘ చ త ఞ న ర ల య
క గ ఙ ట ప ణ మ ష స శ

పై వరుసలోని అక్షరానికి బదులు దాని కింది అక్షరం, కింది వరుసలోని అక్షరానికి బదులు దాని పై అక్షరం రాయాలి. మిగిలినవి మారవు. జంటలు పరస్పరమైనవి కాబట్టి గూఢీకరణకు, పఠనానికి ఒకే పట్టిక సరిపోతుంది. గూఢపాఠంపై అదే పనిని మరొకసారి చేస్తే మూలపాఠం వస్తుంది.

ఈ పట్టిక పైకి యాదృచ్ఛికంగా కనిపించినా దాని వెనుక స్పష్టమైన క్రమం ఉంది. అ–క, ఖ–గ, ఘ–ఙ అనే మూడు జంటలు అకారంతో కలిసి క-వర్గంలోని ఐదక్షరాలను పూర్తిచేస్తాయి. చ–ట, ఞ–ణ అనేవి చ-వర్గ, ట-వర్గాల ఆద్యంతాక్షరాలు. త–ప, న–మ అనేవి త-వర్గ, ప-వర్గాల ఆద్యంతాక్షరాలు. య–శ, ర–ష, ల–స జంటలలో అంతస్థాలు వరుసగా ఊష్మాలతో మారతాయి. ఆ వరుసలో నాలుగోది కాగల వ–హ జంట మాత్రం పట్టికలో లేదు. వర్గాల ఆద్యంతాలను మాత్రమే పేర్కొనడాన్ని ప్రత్యాహార రీతిలో అర్థం చేసుకొని, మొత్తం వర్గానికి వర్గం మారుతుందని కూడా ఊహించవచ్చు. అప్పుడు జ–డ, ద–బ వంటి జంటలు కూడా ఏర్పడతాయి. ఈ వ్యాసం పట్టికలోని పది జంటలను మాత్రమే స్వీకరించి, తరువాతి ఉదాహరణలను రూపొందిస్తుంది.

రోమన్ వర్ణమాల వరుసకు ఉచ్చారణతో సంబంధం లేదు. అందువల్ల సీజర్ పద్ధతి లెక్కింపుపై ఆధారపడింది. భారతీయ వర్ణసమామ్నాయం స్థానకరణాలను బట్టి అమరినది. అందువల్ల మూలదేవీయం వర్గీకరణపై ఆధారపడింది. వర్ణక్రమం కంఠస్థమైన వ్యక్తికి ఈ పట్టికను గుర్తుంచుకోవడం కష్టం కాదు. కాగితంపై రాసి దాచుకోవలసిన పని లేకపోవడం దీనికి గల పెద్ద సౌకర్యం.

5. తెలుగు భాషకు అన్వయం:

మూలదేవీయాన్ని తెలుగు మాటలకు అన్వయించినప్పుడు మూడు రకాల ఫలితాలు వస్తాయి.

మొదటిది, మాట పూర్తిగా గుర్తుపట్టరాకుండా మారడం. ‘నగరం’ అనే మాట ‘మఖషం’ అవుతుంది. ‘సమయం’ అనేది ‘లనశం’ అవుతుంది. ‘తలపు’ అనేది ‘పసతు’ అవుతుంది.

రెండవది, ఒక అర్థవంతమైన మాట మరొక అర్థవంతమైన మాటగా మారడం. ‘నది’ అనే మాట ‘మది’ అవుతుంది. ‘నామం’ అనేది ‘మానం’ అవుతుంది. ‘తాడు’ అనేది ‘పాడు’ అవుతుంది. చదివేవాడిని తప్పుదారి పట్టించడానికి ఇవి అనుకూలిస్తాయి. అయితే ఇటువంటివి యాదృచ్ఛికాలు. వీటితో పూర్తి సందేశాన్ని నిర్మించడం సాధ్యం కాదు.

మూడవది, మాట అసలు మారకపోవడం. జ, డ, ద, ధ, బ, భ, వ, హ, ళ వంటి హల్లులు పది జంటలలో లేవు. అందువల్ల ‘దేవుడు’, ‘వీధి’, ‘విడిది’, ‘బడి’ వంటి మాటలు గూఢపాఠంలోనూ అలాగే ఉంటాయి. లేఖ అనే అర్థంలో వాడే ‘జాబు’ కూడా మారదు. రహస్యంగా పంపిన జాబులో ‘జాబు’ అనే మాటే బయటపడి ఉండడం ఈ పద్ధతికి గల పరిమితిని తెలియజేస్తుంది.

తెలుగు లిపి స్వభావం వల్ల మరొక ప్రశ్న కూడా తలెత్తుతుంది. మార్చవలసిన ప్రమాణం వర్ణమా, రాతలో కనిపించే అక్షరమా? మూలదేవీయం హల్లును మార్చి అచ్చు గుర్తును విడిచిపెడుతుంది. ‘రాత్రి’ అనే మాటలో రకారానికి షకారం, తకారానికి పకారం వచ్చి ‘షాప్షి’ అవుతుంది. దీర్ఘం, సంయుక్తత, ఇకారం అన్నీ యథాస్థానంలో ఉంటాయి. దీనికి భిన్నంగా ప్రతి గుణింతరూపానికి, ప్రతి సంయుక్తాక్షరానికి వేర్వేరు ప్రత్యామ్నాయాలు ఇవ్వాలంటే పట్టిక వందల గడులకు పెరుగుతుంది. అది రహస్యానికి మేలు చేస్తుంది, కాని జ్ఞాపకానికి లొంగదు. రాసి దాచుకోవలసిన పట్టిక దొరికిపోయే పట్టిక కూడా అవుతుంది. గూఢలిపి చరిత్ర అంతటా ఈ రెండు అవసరాల మధ్య ఘర్షణ కొనసాగింది.

6. ఛేదన – అల్-కిందీ:

అక్షరాలను వర్ణక్రమంతో పని లేకుండా ఇష్టం వచ్చినట్లు జతచేస్తే ప్రతిక్షేపణ దుర్భేద్యమవుతుందా? 26 అక్షరాల ఇంగ్లీషు వర్ణమాలను అమర్చగల పద్ధతుల సంఖ్య సుమారు 4 పక్కన 26 సున్నాలు. సెకనుకు 100 కోట్ల పద్ధతుల చొప్పున పరీక్షించినా అన్నింటినీ చూడడానికి 1,000 కోట్ల సంవత్సరాలకు మించి పడుతుంది. ఈ సంఖ్య చూసినవారికి ఛేదన అసాధ్యమనిపిస్తుంది. కాని ఛేదించేవాడు కీలకాలను ఒక్కొక్కటిగా పరీక్షించవలసిన అవసరం లేదని అరబ్ పండితులు గుర్తించారు.

8వ శతాబ్దికి చెందిన అల్-ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అరబ్బీ ఛందశ్శాస్త్రానికి ఆద్యుడు. తొలి అరబ్బీ నిఘంటువైన కితాబ్ అల్-ఐన్ కర్త. గూఢలిపులపై కూడా ఆయన ఒక గ్రంథం రాశాడు, అది నేడు లభించడం లేదు. గ్రీకు భాషలో వచ్చిన ఒక గూఢలేఖను ఆయన నెలరోజులలో ఛేదించాడని సంప్రదాయం చెబుతుంది. లేఖ దైవనామంతో ప్రారంభమై ఉంటుందని ఊహించి, ఆ తొలి అక్షరాల ఆధారంగా మిగిలినవాటిని సాధించాడట.

9వ శతాబ్దిలో బాగ్దాదులో నివసించిన తత్త్వవేత్త అల్-కిందీ ఈ విద్యను శాస్త్రంగా రూపొందించాడు. ఆయన గ్రంథం చేతిరాత ప్రతి ఇస్తాంబుల్‌లో లభించి, 1987లో డమాస్కస్ నుంచి ముద్రణ పొందింది. ఆయన సూచించిన ప్రధాన పద్ధతి ఇది: మూలపాఠం ఏ భాషలో ఉన్నదో ఆ భాషలోని మామూలు గ్రంథభాగాన్ని తగినంత నిడివిలో తీసుకోవాలి. అందులో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి, ఎక్కువసార్లు వచ్చినదానిని మొదటిది, తరువాతిదానిని రెండవది అంటూ వరుస కట్టాలి. గూఢపాఠంలోని చిహ్నాలను కూడా అదే విధంగా వరుస కట్టాలి. ఆపైన రెండు వరుసలను పోల్చాలి. పాఠం మరీ చిన్నదైతే ఈ లెక్క ఫలించదని కూడా ఆయన గుర్తించాడు. అందువల్ల ఏ అక్షరాలు పక్కపక్కన వస్తాయి, ఏవి రావు అనే పరిశీలనను, లేఖలలో వాడుకగా వచ్చే ప్రారంభవాక్యాలను కూడా సాధనాలుగా చూపాడు.

ఈ సాధనాలన్నీ భాషావేత్తవే. అక్షరం వేషం మార్చినా దాని పౌనఃపున్యం మారదు. దాని ఇరుగుపొరుగు మారదు. పదంలో దాని స్థానం మారదు.

7. తెలుగు గూఢపాఠం – ఛేదన క్రమం:

పై సూత్రాలు తెలుగులో ఎలా వర్తిస్తాయో పరిశీలించడానికి మూలదేవీయంలో ఒక చిన్న సందేశాన్ని ఇక్కడ స్వీకరించడమైనది. ఛేదించేవాడికి పరస్పర వినిమయం జరిగిందని మాత్రమే తెలుసు, పట్టిక తెలియదు అనుకోవాలి.

వీధుససో దీతాసు సేవు. మఖషంసో నమురుసు సేషు. షాప్షి తశమం.

మొదటి పరిశీలన పౌనఃపున్యం. ఈ ఎనిమిది మాటలలో సకారం ఏడుసార్లు వచ్చింది. రెండవ పరిశీలన స్థానం. రెండు మాటలు ‘సు’తోను, రెండు మాటలు ‘సో’తోను ముగిశాయి. వాక్యాంతంలో రెండు మాటలు ‘సే’తో మొదలయ్యాయి. ఒకే హల్లుతో ఉకారాంతమైన ప్రత్యయం, ఓకారాంతమైన ప్రత్యయం, ఏకారంతో మొదలై వాక్యాన్ని ముగించే క్రియ తెలుగులో ఏమిటి? బహువచన ప్రత్యయం ‘లు’, సప్తమీ ప్రత్యయం ‘లో’, వ్యతిరేకక్రియ ‘లేదు, లేవు, లేరు’. కాబట్టి స–ల ఒక జంట.

దానితో మొదటి వాక్యం ‘వీధులలో దీతాలు లేవు’ అవుతుంది. మధ్యమాట ‘దీపాలు’ అని ఊహించడం సులభం. త–ప రెండవ జంట. రెండో వాక్యం చివరిమాట ‘లేషు’. బహువచన కర్తకు ‘లేవు’ కాక మరొక క్రియారూపం రావాలంటే అది మనుష్యవాచకానికి చెందిన ‘లేరు’ కావాలి. ర–ష మూడవ జంట. ఈ మూడు జంటలను వాడితే ‘షాప్షి’ అనేది ‘రాత్రి’గా తేలుతుంది. ‘నమురుసు’ అనేది ‘నముషులు’గా మారుతుంది. కర్త మనుష్యవాచకమని క్రియ ముందే చెప్పింది కనుక అది ‘మనుషులు’. న–మ నాలుగవ జంట. ‘మఖషంసో’ అనేది ‘నఖరంలో’ అవుతుంది. వీధులు, దీపాలు, మనుషులు అనే సందర్భాన్ని బట్టి అది ‘నగరంలో’. చివరిమాట ‘పశనం’ రాత్రి అనే మాట పక్కన ‘పయనం’ అని తెలుస్తుంది. సందేశం పూర్తిగా బయటపడింది: వీధులలో దీపాలు లేవు, నగరంలో మనుషులు లేరు, రాత్రి పయనం.

ఈ ఛేదనలో గణితం పాత్ర ఏడు వరకు లెక్కించడం మాత్రమే. మిగిలినదంతా వ్యాకరణం చేసిన పని. విభక్తి, వచనం, కర్తృక్రియల పొందిక ఒకదానికొకటి సాక్ష్యం పలికాయి.

ప్రారంభవాక్యాల విషయంలోనూ తెలుగు ఇటువంటి సాక్ష్యాన్నే ఇస్తుంది. శాసనాలలో తరచుగా కనిపించే ‘స్వస్తిశ్రీ’ మూలదేవీయంలో ‘ల్వల్పియ్షీ’ అవుతుంది. పాఠం స్వస్తిశ్రీతో మొదలైందన్న ఒక్క ఊహతో స–ల, త–ప, శ–య, ర–ష అనే నాలుగు జంటలు, అంటే పదింట నాలుగు, ఒకేసారి బయటపడతాయి.

పద్యంలో రాసిన సందేశం పరిస్థితి ఇంకా విచిత్రం. అ–క జంటను మినహాయిస్తే మూలదేవీయం హల్లుకు బదులు హల్లునే పెడుతుంది, అచ్చులను, సంయుక్తతను ముట్టుకోదు. కాబట్టి గురులఘువులు చెక్కుచెదరవు. భ, ర, న, భ, భ, ర, వ గణాల వరుస కనిపిస్తే అర్థం తెలియకపోయినా అది ఉత్పలమాల అని చెప్పవచ్చు. ఒకే హల్లు అంతటా ఒకే విధంగా మారుతుంది కనుక ప్రాస ప్రాసగానే ఉంటుంది. పాదంలో మొదటి అక్షరానికి, పదవ అక్షరానికి యతిమైత్రి ఉండి తీరాలన్న నియమం ఛేదించేవాడికి ప్రతి పాదంలోనూ ఒక ఆధారాన్ని అందిస్తుంది. అరబ్బీ గూఢలిపి విద్యకు ఛందశ్శాస్త్రవేత్త ఆద్యుడు కావడం కేవలం కాకతాళీయం కాదని దీనిని బట్టి భావించవచ్చు.

8. మేరీ స్టువర్ట్ లేఖలు:

గూఢలిపిపై పెట్టుకున్న నమ్మకం ఎంతటి విపత్తుకు దారితీయగలదో 1586 నాటి ఇంగ్లండు చరిత్ర చూపుతుంది. స్కాట్లండు రాణి మేరీ స్టువర్ట్ 1568 నుంచి ఇంగ్లండులో నిర్బంధంలో ఉంది. ఎలిజబెత్ రాణిని వధించి మేరీని సింహాసనమెక్కించాలని ఆంథోనీ బాబింగ్టన్, అతని మిత్రులు కుట్ర పన్నారు. చార్ట్‌లీలో ఉన్న మేరీకి లేఖలు బీరు పీపాలలో దాచి చేరేవి. ఆ ఏర్పాటులో కీలకపాత్ర వహించిన గిల్బర్ట్ గిఫర్డ్ ఎలిజబెత్ మంత్రి ఫ్రాన్సిస్ వాల్సింగమ్ పక్షాన పనిచేస్తున్నాడు. ప్రతి లేఖా ముందుగా వాల్సింగమ్ కార్యాలయానికి చేరి, నకలు తీసిన తరువాతనే ముందుకు సాగేది.

బాబింగ్టన్‌తో మేరీ వాడిన గూఢలిపిలో అక్షరాలకు 23 చిహ్నాలు, తరచుగా వచ్చే పదాలకు, పదబంధాలకు వేరే చిహ్నాలు ఉన్నాయి. ఛేదించేవాడిని తికమక పెట్టడానికి అర్థం లేని చిహ్నాలు నాలుగు, వెంటనే వచ్చే అక్షరం ద్విత్వమని తెలిపే చిహ్నం ఒకటి అదనం. చూపుకు ఇది సంక్లిష్టమైనది. కాని ప్రతి అక్షరానికి ఒకే చిహ్నం ఉన్నంతవరకు అది అక్షర ప్రతిక్షేపణే. వాల్సింగమ్ వద్ద ఉన్న థామస్ ఫిలిప్స్ పలు ఐరోపా భాషలు తెలిసినవాడు. అక్షరాల పౌనఃపున్యం ఆధారంగా చిహ్నాలను విప్పడంలో నేర్పరి.

1586 జూలై 17న మేరీ బాబింగ్టన్‌కు పంపిన జవాబు ఆమె తలరాతను నిర్ణయించింది. ఫిలిప్స్ దాని నకలుపై ఉరికంబం బొమ్మ గీశాడు. అంతటితో ఆగక, హత్యకు పూనుకున్న ఆరుగురి పేర్లు తెలపమని కోరుతూ అదే గూఢలిపిలో ఒక అనుబంధ వాక్యాన్ని మేరీ రాసినట్లుగా కల్పించాడు. ఛేదించినవాడు చదవగలగడమే కాదు, రాయగలడు కూడా. గూఢలిపిలో ఉన్నది కనుక ఇది మా రాణిదే అని నమ్మే మనిషికి ఆ లిపే ఉచ్చుగా మారుతుంది. బాబింగ్టన్ 1586 సెప్టెంబరులో మరణశిక్ష పొందాడు. అక్టోబరులో ఫాదరింగే కోటలో మేరీపై విచారణ జరిగింది. 1587 ఫిబ్రవరి 8న ఆమెకు శిరచ్ఛేదం జరిగింది. బలహీనమైన గూఢలిపి గూఢలిపి లేకపోవడం కన్నా ప్రమాదకరం. సాదా లేఖ రాసేవాడు జాగ్రత్తపడతాడు, గూఢలేఖ రాసేవాడు మనసు విప్పుతాడు.

మేరీ లేఖల చరిత్ర అంతటితో ముగియలేదు. ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో 16వ శతాబ్ది ప్రథమార్ధానికి చెందిన ఇటలీ పత్రాలుగా నమోదై ఉన్న కొన్ని గూఢలేఖలను జార్జ్ లాస్రీ, నార్బర్ట్ బియర్మన్, సతోషి తొమోకియో అనే ముగ్గురు పరిశోధకులు కంప్యూటరు సహాయంతో ఛేదించి 2023లో ప్రకటించారు. అవి 1578–1584 మధ్య మేరీ రాసిన 57 లేఖలని తేలింది. వాటిలో సుమారు 50 అంతకుముందు చరిత్రకారులకు తెలియనివి. లేఖల భాష ఇటాలియన్ కాదు, ఫ్రెంచి అని గుర్తించడంతో దారి దొరికింది. రచయిత స్త్రీ అని తెలిపే వ్యాకరణరూపాలు, నిర్బంధాన్ని, కుమారుణ్ణి గురించిన మాటలు, వాల్సింగమ్ పేరు ఆమె ఎవరో వెల్లడించాయి. ఇక్కడ కూడా లింగబోధక ప్రత్యయాలే సాక్ష్యం చెప్పాయి.

9. ప్రతిక్షేపణలో తరువాతి పరిణామాలు:

పౌనఃపున్య పరిశీలనకు ప్రతిక్రియగా రెండు మార్గాలు ఏర్పడ్డాయి. తరచుగా వచ్చే అక్షరానికి ఒకటికి మించి చిహ్నాలు కేటాయించడం మొదటిది. 1401 నాటి మాంటువా గూఢలిపిలో అచ్చులకు ఇటువంటి ఏర్పాటు కనిపిస్తుంది. ఒకే సందేశంలో పట్టికను మధ్యమధ్య మారుస్తూ పోవడం రెండవది. 1467 ప్రాంతంలో ఇటలీకి చెందిన ఆల్బెర్టీ తిరిగే చక్రాలతో ఈ భావనకు రూపమిచ్చాడు. ట్రిథీమియస్, బెల్లాసో దానిని విస్తరించారు. ఫ్రాన్సుకు చెందిన విజనేర్ తన గ్రంథాన్ని 1586లో, అంటే మేరీ పాతపద్ధతిని నమ్ముకొని దొరికిపోయిన సంవత్సరంలోనే, ప్రకటించాడు. ఇటువంటి బహుపట్టికా పద్ధతిని ఛేదించే మార్గాన్ని కాసిస్కీ 1863లో ప్రచురించాడు. అక్కడ కూడా ఆధారం భాషలోని పునరుక్తే. తరచుగా వచ్చే పదం కీలకంలోని ఒకే భాగంతో మళ్లీ కలిసినప్పుడు గూఢపాఠంలోనూ అదే వరుస పునరావృతమవుతుంది.

10. ముగింపు:

1. అక్షర ప్రతిక్షేపణ రాత రూపాన్ని మార్చగలదు. పౌనఃపున్యం, పదాంత ప్రత్యయాలు, పదసంబంధం, ఛందస్సు వంటి భాషాలక్షణాలను మార్చలేదు.

2. మూలదేవీయం యాదృచ్ఛిక పట్టిక కాదు. వర్గ, అంతస్థ, ఊష్మ విభాగాలపై నిర్మితమైనది. ఆ నిర్మాణమే దానికి సులభస్మరణీయతను, సులభభేద్యతను ఒకేసారి ఇచ్చింది.

3. తెలుగుకు అన్వయించినప్పుడు మూలదేవీయం అచ్చులను, గుణింతాలను మార్చదు. అజంతభాష అయిన తెలుగులో దీనివల్ల పదనిర్మాణం పైకి కనిపిస్తూనే ఉంటుంది. కొన్ని మాటలు అసలు మారవు.

4. కళల పట్టికలో దీనికి లభించిన స్థానాన్ని బట్టి చూస్తే, మూలదేవీయాన్ని రాజ్యరహస్యాలను కాపాడే సాధనంగా కాక, నాగరకుల భాషాక్రీడగా, ఆంతరంగిక సంభాషణకు ఉపకరణంగా అంచనా వేయడం సమంజసం. దాని ప్రాచీనతను గౌరవించడానికి దానికి లేని బలాన్ని ఆపాదించనవసరం లేదు.

5. ప్రోబస్, అల్-ఖలీల్, అల్-కిందీ, ఫిలిప్స్ మొదలుకొని 2023 నాటి పరిశోధకుల వరకు ఛేదనకు తోడ్పడినది భాషాజ్ఞానమే. తెలుగులో వర్ణ, అక్షర, ప్రత్యయ పౌనఃపున్యాలను కాలానుగుణంగా, ప్రక్రియానుగుణంగా లెక్కించే పని గూఢలిపులకు మాత్రమే పరిమితం కాదు. కర్తృత్వ నిర్ణయానికి, శిథిల శాసనపాఠాల పునర్నిర్మాణానికి కూడా అది పునాది కాగలదు. మరుగుపడిన అక్షరం ఏదై ఉంటుందో చెప్పగలిగేది దాని పక్కనున్న అక్షరాలను ఎరిగినవారే.